శాంటా క్లారా కౌంటీ సభల్లో మన మాట వినిపించడం, ఆరోగ్య హెచ్చరికలను ఇంట్లో ఆచరించడం ఎలా?

2020 ఫిబ్రవరి 3న కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ హెల్త్ ఆఫీసర్ కోవిడ్ కారణంగా స్థానిక ఆరోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. అటువంటి ప్రకటన ఏడు రోజులకు మించి అమలులో ఉండాలంటే, ప్రజలు ఎన్నుకున్న బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ దానిని సభలో ఆమోదించాలని రాష్ట్ర చట్టం చెబుతుంది. ఏడో రోజైన ఫిబ్రవరి 10న బోర్డు సమావేశమై దానిని ఆమోదించింది. మార్చి 16న శాంటా క్లారాతో పాటు శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని మరో ఐదు కౌంటీలు, బర్క్‌లీ నగరం కలిసి ఇళ్లలోనే ఉండాలన్న ఆదేశాన్ని వెలువరించాయి. దేశంలో అటువంటి ఆదేశాలు రావడం అదే మొదలు. సన్నీవేల్‌లోనో, కూపర్టినోలోనో, మిల్పిటాస్‌లోనో ఏళ్ల తరబడి ఉంటున్న మన తెలుగువారిలో చాలామందికి కౌంటీ అనే ప్రభుత్వం ఒకటి ఉన్నదని గట్టిగా తెలిసివచ్చింది ఆ వారంలోనే. దానికి నెల రోజులకు పైగా ముందే బహిరంగ సభలో ఆ చర్చ మొదలైందనీ, ఎవరైనా వెళ్లి వినే వీలుండిందనీ ఇప్పటికీ తెలియనివారు ఎందరో ఉన్నారు.

ఆ లోటు తీరాలన్న కోరికతో ఈ మార్గదర్శిని రాస్తున్నాను. కౌంటీ వార్తలను ఎక్కడ చూడాలి, ఎజెండాను ఎలా చదవాలి, సభలో ఎలా మాట్లాడాలి, ఆరోగ్య శాఖ చెప్పే జాగ్రత్తలలో మన ఇళ్లకు ముఖ్యంగా వర్తించేవి ఏవి అన్నదే ఇందులోని విషయం.

మొదట చేయవలసిన పని: మీ కౌంటీ ఏదో, దాని చేతిలో ఏమున్నదో తెలుసుకోండి

కౌంటీని మన జిల్లాతో పోల్చుకుంటే సగం అర్థమవుతుంది. కాలిఫోర్నియాలో 58 కౌంటీలు ఉన్నాయి. శాంటా క్లారా కౌంటీలో శాన్ హోసేతో కలిపి 15 నగరాలు, దాదాపు 19 లక్షల జనాభా ఉన్నాయి. అయితే మన జిల్లాకు ప్రభుత్వం నియమించిన కలెక్టరు పెద్ద కాగా, ఇక్కడ ఐదు డిస్ట్రిక్టుల నుంచి నాలుగేళ్లకొకసారి ఎన్నికయ్యే ఐదుగురు సూపర్‌వైజర్లే కౌంటీకి పెద్దలు. బడ్జెట్టును ఆమోదించేది వారే, కౌంటీ ఆసుపత్రులను నడిపేదీ వారి ఆధ్వర్యంలోని యంత్రాంగమే. మీ చిరునామా ఏ డిస్ట్రిక్టులోకి వస్తుందో కౌంటీ వెబ్‌సైటులో చూసుకొని, మీ సూపర్‌వైజర్ కార్యాలయం ఫోన్ నంబరును రాసి పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. వీధి దీపం వెలగకపోయినా, చెత్త బండి రాకపోయినా అది నగరపాలక సంస్థ పని. పిల్లల బడి సంగతులు స్కూల్ డిస్ట్రిక్టు పని. గాలి నాణ్యత నియంత్రణ తొమ్మిది కౌంటీలకు కలిపి ఉన్న ప్రాంతీయ సంస్థ పని. ప్రజారోగ్యం, రెస్టారెంట్ల తనిఖీ, దోమల నివారణ, జనన ధ్రువపత్రాలు, ఆస్తి విలువ మదింపు, ఎన్నికల నిర్వహణ కౌంటీవి. కోపం న్యాయమైనదే అయినా తప్పు సభకు వెళ్తే, ఆ సభకు మీ సమస్యపై అధికారమే ఉండదు. మీ సెలవు రోజొకటి వృథా అవుతుంది.

మిల్పిటాస్ పక్కనే ఉన్న ఫ్రీమాంట్ అలమీడా కౌంటీలోకి వస్తుంది, శాన్ రమోన్ కాంట్రా కోస్టా కౌంటీలోకి వస్తుంది. అక్కడివారికి బోర్డు వేరు, ఆరోగ్య శాఖ వేరు. కాని సభల చట్టం రాష్ట్రమంతటికీ ఒకటే కనుక కింది విషయాలలో చాలా వరకు వారికీ పనికివస్తాయి. టెక్సస్‌లో ఉన్నవారు మాత్రం తమ రాష్ట్ర చట్టాన్ని విడిగా చూసుకోవాలి. అక్కడ కౌంటీ పాలకమండలిని కమిషనర్స్ కోర్ట్ అంటారు. పేరులో కోర్టు ఉన్నా అది పాలన సాగించే సభే.

వార్త మీ దగ్గరకే వచ్చేటట్టు చేసుకోండి

ముందుగా అలర్ట్‌ఎస్‌సీసీ అనే కౌంటీ అత్యవసర హెచ్చరికల సేవలో పేరు నమోదు చేసుకోండి. కార్చిచ్చు, వరద, ఇళ్లు ఖాళీ చేయవలసిన పరిస్థితి వంటివి వచ్చినప్పుడు ఫోనుకు, ఈమెయిలుకు సందేశం వస్తుంది. ఇంటి చిరునామాతో పాటు ఆఫీసు చిరునామానూ, పిల్లల బడి చిరునామానూ చేర్చండి. ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నల చేతిలో ఇక్కడి నంబరు ఉంటే దానిని కూడా తప్పక నమోదు చేయించండి, ఎందుకంటే మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండేది వారే. ప్రాణాపాయం ఉంటే 911, సేవల సమాచారం కావాలంటే 211, మానసికంగా తట్టుకోలేని స్థితిలో ఉంటే 988 అన్న మూడు నంబర్లనూ తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

తరువాత కౌంటీ ప్రజారోగ్య శాఖ ప్రకటనలు ఈమెయిలులో వచ్చేటట్టు నమోదు చేసుకోండి. వాట్సాప్ గ్రూపులో ఆరోగ్య వార్త ఒకటి వచ్చినప్పుడు అది మంచి మనసుతో పంపినదే కావచ్చు. అయినా దానిని మరొకరికి పంపే ముందు మూడు విషయాలు చూడండి. ప్రకటన తేదీ ఏది, అది మన కౌంటీకి సంబంధించినదేనా, డాట్ గవ్ అని ముగిసే ప్రభుత్వ వెబ్‌సైటులో అదే మాట ఉన్నదా? 2020లో పాత ఆదేశాలు, వేరే రాష్ట్రాల ఆదేశాలు మన గ్రూపులలో తిరిగి ఎందరు పెద్దవాళ్లను భయపెట్టాయో నేను కళ్లారా చూశాను.

శాన్ హోసే, సన్నీవేల్, పాలో ఆల్టో, గిల్‌రాయ్ మురుగునీటి శుద్ధి కేంద్రాలకు చేరే నీటిలో వైరస్‌ల మోతాదును కౌంటీ క్రమం తప్పకుండా కొలిపించి ప్రచురిస్తుంది. ఇంట్లో పరీక్ష చేసుకున్నవారి లెక్క ఎక్కడా నమోదు కాదు గాని, మురుగునీటిలో వైరస్ మాత్రం దాగదు. పెళ్లికో, బతుకమ్మ వేడుకకో, సంక్రాంతి సంబరాలకో వందల మందిని ఒక హాలులోకి పిలిచే సంఘాలవారు అంతకు ముందు వారం ఆ రేఖాచిత్రాన్ని ఒకసారి చూడటం అలవాటు చేసుకోవాలి. అది పైకి పోతూ ఉంటే, పెద్దవారికి మాస్కులు అందుబాటులో ఉంచండి, హాలు కిటికీలు, తలుపులు తెరిపించండి, జలుబు, జ్వరం ఉన్నవారిని రావద్దని ఆహ్వానంలోనే మర్యాదగా కోరండి.

ఎజెండాను చదవడం నేర్చుకోండి

సభకు వెళ్లినా వెళ్లకపోయినా, అన్నిటికన్నా పనికివచ్చే నైపుణ్యం ఇదే. 1953లో వచ్చిన రాల్ఫ్ ఎం. బ్రౌన్ చట్టం ప్రకారం, కాలిఫోర్నియాలో స్థానిక పాలకమండలి ఏదైనా తన క్రమబద్ధ సభకు కనీసం 72 గంటల ముందు, ప్రత్యేక సభకు కనీసం 24 గంటల ముందు ఎజెండాను అందరికీ కనబడేటట్టు పెట్టాలి. మంగళవారం ఉదయం 9:30 గంటలకు సభ అంటే శనివారం ఉదయం 9:30 లోపలే ఎజెండా బయటకు రావాలన్నమాట. అందువల్ల శనివారం కాఫీ తాగుతూ దానిని తెరిచి చూడటం తేలికైన పద్ధతి. ఎజెండాలో లేని విషయంపై, చట్టం పేర్కొన్న కొద్ది మినహాయింపులు తప్ప, బోర్డు ఆ రోజు నిర్ణయం తీసుకోకూడదు. ఈ ఒక్క నియమం మీకు పెద్ద రక్షణ. మీకు తెలియకుండా చివరి నిమిషంలో ఏదో జరిగిపోయే అవకాశాన్ని ఇది చాలా వరకు తగ్గిస్తుంది.

ఎజెండా వందల పేజీలు ఉంటుందని చూసి బెదరకండి. అందులో ఎక్కువ భాగం అనుబంధ పత్రాలే. ముందుగా అంశాల జాబితాను మాత్రమే చదివి, ఆరోగ్యం, ఆసుపత్రి, పర్యావరణ ఆరోగ్యం, దోమలు, అత్యవసర ఏర్పాట్లు అన్న మాటలు కనిపించిన చోట ఆగండి. ఆ అంశం కింద సిబ్బంది నివేదిక ఉంటుంది. అందులో మొదట బోర్డును ఏమి చేయమని కోరుతున్నారన్న వాక్యాన్ని, తరువాత దానికయ్యే ఖర్చునూ, నేపథ్యాన్నీ చదివితే విషయం అర్థమవుతుంది.

కన్సెంట్ క్యాలెండర్ అన్న భాగాన్ని ప్రత్యేకంగా చూడండి. వివాదం లేదనుకున్న అంశాలను కట్టగట్టి చర్చ లేకుండా ఒకే ఓటుతో ఆమోదించే పద్ధతి అది. ఆసుపత్రి కాంట్రాక్టులు, ఆరోగ్య కార్యక్రమాల నిధులు చాలాసార్లు అందులోనే ఉంటాయి. వాటిలో దేనిమీదనైనా మీకు అభ్యంతరమో, ప్రశ్నో ఉంటే, ఆ భాగాన్ని ఓటుకు పెట్టక ముందే మాట్లాడాలి. ఓటు పూర్తయ్యాక చెప్పిన మాట ఆ రోజుకు పనికిరాదు.

నిజానికి ఆరోగ్య విషయాలకు పూర్తి బోర్డు సభ కన్నా బోర్డు ఉపసంఘమైన హెల్త్ అండ్ హాస్పిటల్ కమిటీ సభ మేలని నా అభిప్రాయం. అందులో ఇద్దరు సూపర్‌వైజర్లు మాత్రమే ఉంటారు, జనం తక్కువగా వస్తారు, ఆరోగ్య శాఖ అధికారులు స్వయంగా వచ్చి నివేదికలు ఇస్తారు. ఒక విషయం బోర్డు దాకా వెళ్లే ముందు ఇక్కడే రూపు దిద్దుకుంటుంది కనుక, ఇక్కడ చెప్పిన మాటకు మార్పు తెచ్చే అవకాశం ఎక్కువ. డబ్బు అవసరమైన కోరిక మీకు ఉంటే మాత్రం కాలం చూసుకోవాలి. కౌంటీ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. ప్రతిపాదిత బడ్జెట్టుపై బహిరంగ చర్చలు మే, జూన్ నెలలలో జరుగుతాయి. ఆగస్టులో వచ్చి అడిగితే ఎంత మంచి కోరికైనా మరుసటి ఏడాదికి వాయిదా పడే ప్రమాదం ఉంది.

సభలో మాట్లాడండి

బోర్డు సభలు సాధారణంగా మంగళవారాలలో, శాన్ హోసేలోని 70 వెస్ట్ హెడ్డింగ్ స్ట్రీట్ భవనంలో జరుగుతాయి. జూమ్ ద్వారానూ పాల్గొనవచ్చు. తేదీని, సమయాన్ని ప్రతిసారీ ఎజెండాలోనే సరిచూసుకోండి.

ముందుగా మనవాళ్లలో ఉన్న ఒక సంకోచాన్ని తొలగించాలి. ‘మేము హెచ్1బీ మీద ఉన్నాం, మాకు ఓటు లేదు, మేము ఎట్లా మాట్లాడతాం?’ అని నన్ను అడిగినవారు చాలామంది ఉన్నారు. ఓటు వేయడానికి పౌరసత్వం కావాలి, సభలో మాట్లాడటానికి అక్కరలేదు. చట్టం చెప్పేది ప్రజలలో ఎవరైనా అని. పౌరులని కాదు, ఓటర్లని కాదు. వీసా మీద వచ్చినవారు, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు, చూసిపోదామని వచ్చిన తల్లిదండ్రులు కూడా మాట్లాడవచ్చు. సభకు హాజరు కావడానికి పేరు రాసి తీరాలని షరతు పెట్టకూడదని కూడా అదే చట్టంలో ఉంది. కౌంటీ విధానాలను విమర్శించినంత మాత్రాన మిమ్మల్ని ఆపకూడదు. సభకు అంతరాయం కలగనంత వరకు మీరే వీడియో తీసుకోవచ్చు.

భాష విషయంలోనూ ఒక సౌకర్యం ఉంది, ఇది మనవాళ్లకు దాదాపు తెలియదు. మాట్లాడే సమయానికి పరిమితి పెట్టినప్పుడు, అనువాదకుని సాయంతో మాట్లాడేవారికి, ఏకకాల అనువాద పరికరాలు లేని చోట, కనీసం రెండింతల సమయం ఇవ్వాలి. అందరికీ రెండు నిమిషాలు ఇస్తుంటే, మీ అమ్మగారు తెలుగులో చెప్పి మీరు ఇంగ్లీషులో చెప్పడానికి నాలుగు నిమిషాలు రావాలి. ఈ సంగతిని క్లర్క్ ఆఫ్ ది బోర్డ్ కార్యాలయానికి ఒకటి రెండు రోజుల ముందే తెలియజేస్తే సభ రోజున ఇబ్బంది ఉండదు. అంగవైకల్యం ఉన్నవారు తమకు కావలసిన ఏర్పాట్లను కూడా అదే కార్యాలయాన్ని అడగవచ్చు.

మన ఊళ్లలో సోమవారం ప్రజావాణికి వెళ్లి కలెక్టరుగారి చేతికి అర్జీ ఇచ్చి గోడు చెప్పుకున్న అలవాటుతో ఇక్కడికి వస్తే కొంత తికమక కలుగుతుంది. అక్కడ అధికారి అడుగుతారు, మీరు జవాబు చెబుతారు, కాగితం సంబంధిత శాఖకు వెళుతుంది. ఇక్కడ మీరు మాట్లాడిన తరువాత సూపర్‌వైజర్లు తరచు ఏమీ అనరు. ఎజెండాలో లేని విషయమైతే చర్చించే అధికారమే వారికి ఉండదు. క్లుప్తంగా స్పందించి, సిబ్బందిని పరిశీలించమని మాత్రమే చెప్పగలరు. ఆ మౌనాన్ని నిర్లక్ష్యంగా భావించి నొచ్చుకోకండి. మీ మాట వీడియోలో నమోదవుతుంది, కౌంటీ సిబ్బంది వింటారు.

నేను మొదటిసారి ఒక సభలో మాట్లాడినప్పుడు ఐదు నిమిషాలకు సరిపడా రాసుకొని వెళ్లాను. ఆ రోజు మాట్లాడేవారు ఎక్కువగా ఉండటంతో ఒక్కొక్కరికి ఒక్క నిమిషమే ఇచ్చారు. మా ఇంటి కథ సగంలో ఉండగానే గంట మోగింది, నేను ఏమి కోరడానికి వచ్చానో చెప్పలేకపోయాను. అప్పటినుంచి కోరికనే మొదటి వాక్యంగా పెట్టుకుంటున్నాను. ఏ అంశం, ఏమి చేయాలి, ఎందుకు చేయాలి అన్న మూడింటినీ మొదటి ముప్పై సెకన్లలో చెప్పేయండి. అనుభవాన్ని ఆ తరువాత చెప్పండి, ఆగమన్నప్పుడు ఆగిపోయినా నష్టం ఉండదు. ఇంట్లో గడియారం పెట్టుకొని గట్టిగా చదివి చూసుకోండి. మనసులో చదివితే తక్కువ సమయం పట్టినట్టు అనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. మీరు చెప్పిన మాట, పంపిన ఈమెయిలు ప్రజా దస్త్రంలో భాగమవుతాయి, వీడియో ఆన్‌లైన్‌లో నిలిచి ఉంటుంది. ఇంటివారి జబ్బు పేర్లు, పిల్లల పేర్లు, ఇంటి నంబరు చెప్పకండి. ‘మా ఇంట్లో ఒక పసిబిడ్డకు’ అంటే సరిపోతుంది.

వెళ్లలేనివారు అంశం సంఖ్యను పేర్కొంటూ రాతపూర్వకంగా పంపవచ్చు. సభ రోజు ఉదయం కాకుండా ముందు రోజే పంపితే సూపర్‌వైజర్ల సిబ్బంది చదివే వీలుంటుంది. ఆపైన పది రోజులకొకసారైనా ఆ అంశం ఏమైందో కనుక్కోండి. ఏదైనా పత్రం కావాలనుకుంటే కాలిఫోర్నియా పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద అడగవచ్చు. ఆ పత్రం ఇవ్వదగినదో కాదో సాధారణంగా పది రోజులలోపు తేల్చి చెప్పవలసి ఉంటుంది.

ఆరోగ్య జాగ్రత్తలను మన ఇంటికి అన్వయించుకోండి

ఆరోగ్య శాఖ ప్రకటనలు అందరినీ ఉద్దేశించి రాసినవి. వాటిలో మన తిండికి, మన ప్రయాణాలకు, మన పూజగదికి ఏది వర్తిస్తుందో మనమే పోల్చుకోవాలి.

రోజువారీ విషయాలు త్వరగా చెబుతాను. రెస్టారెంటులోకి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర పర్యావరణ ఆరోగ్య శాఖ అంటించిన కార్డును చూడండి: ఆకుపచ్చ అయితే తనిఖీలో నెగ్గింది, పసుపు అయితే పెద్ద లోపాలు కనబడి షరతుతో నడుస్తున్నది, ఎరుపు అయితే మూసివేశారు. తులసి కుండ కింది పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి, వారానికొకసారి తుడవండి, ఎందుకంటే గుడ్డు నుంచి దోమ రావడానికి వారం పది రోజులు చాలు. మీ వీధిలో రాత్రివేళ దోమల మందు కొడతామని నోటీసు వస్తే, అక్కడి దోమలలో వెస్ట్ నైల్ వంటి వైరస్ కనబడిందని గ్రహించి, కిటికీలు మూసుకొని, సాయంత్రాలు పొడుగు చేతుల బట్టలు వేసుకోండి. 2023–24, 2024–25 చలికాలాలలో నవంబర్ 1 నుంచి మార్చి 31 వరకు వైద్యశాలలలో రోగులను చూసే చోట మాస్కు తప్పనిసరి చేస్తూ కౌంటీ ఆదేశం ఉండేది; ఆసుపత్రికి వెళ్లే ముందు ఆ సంవత్సరపు ఆదేశాన్ని చూసుకోండి.

కార్చిచ్చు పొగ రోజులలో గాలి నాణ్యత సూచిక 100 దాటితే పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు, వృద్ధులు బయటి శ్రమ తగ్గించాలి. 150 దాటితే అందరూ తగ్గించాలి. ఉదయపు నడక మానని నాన్నగారికి ఈ సంగతి చెప్పడం కష్టమే, కాని చెప్పి తీరాలి. గుడ్డ మాస్కు పొగను ఆపదు. ఎన్95 మాస్కు ముక్కుకు, చెంపలకు అంటుకొని ఉంటేనే ఆపుతుంది. ఆ రోజులలో ధూపం, అగరుబత్తి వెలిగించకండి, వేపుళ్లు, పోపులు తగ్గించండి, ఎందుకంటే తలుపులు మూసిన ఇంట్లో ఆ పొగ కూడా బయటికి పోదు.

ఇండియా ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు డాక్టరును కలవండి. ఆరు నెలల నుంచి పదకొండు నెలల వయసున్న పసిబిడ్డను దేశం బయటకు తీసుకువెళ్తుంటే తట్టు నివారణకు ఎంఎంఆర్ టీకా ఒక మోతాదు ముందుగానే వేయించాలి. అది మామూలు లెక్కలోకి రాదు, ఏడాది నిండాక రెండు మోతాదులూ మళ్లీ వేయించాలి. టైఫాయిడ్ టీకా, వెళ్లే ఊరిని బట్టి మలేరియా మాత్రల సంగతి అప్పుడే అడగండి. తిరిగి వచ్చాక జ్వరంతో పాటు ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే నేరుగా క్లినిక్‌కు వెళ్లకుండా ముందు ఫోన్ చేయండి. తట్టు వైరస్ రోగి వెళ్లిపోయాక కూడా ఆ గది గాలిలో రెండు గంటల వరకు ఉండగలదు, అదే గదిలో మరొకరి చంటిబిడ్డ కూర్చొని ఉండవచ్చు.

క్షయ గురించి మాట్లాడటానికి మనవాళ్లు సిగ్గుపడతారు. శాంటా క్లారా కౌంటీలో క్షయ రేటు రాష్ట్ర సగటు కన్నా ఎక్కువ. రోగులలో అత్యధికులు వేరే దేశాలలో పుట్టినవారు. ఎప్పుడో చిన్నప్పుడు శరీరంలో చేరి నిద్రాణంగా ఉన్న క్రిమి, మధుమేహం వచ్చిన తరువాతనో, వయసు పైబడిన తరువాతనో లేవవచ్చు. అందువల్ల లక్షణాలు లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించుకోండి. మనలో చాలామందికి చిన్నతనంలో క్షయ టీకా బీసీజీ వేశారు కనుక చర్మ పరీక్ష తప్పుదోవ పట్టించవచ్చు, రక్తపరీక్షనే అడగండి. నిద్రాణ దశకు ఇప్పుడు మూడు, నాలుగు నెలల మందులతో చికిత్స పూర్తవుతుంది, ఆ దశలో ఇతరులకు అంటదు కూడా.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పవలసినది సీసం గురించి. పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు ఉంటే ఫరవాలేదన్న హద్దు ఏదీ లేదు, డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు, అంతకు మించితే చర్య తీసుకోవాలని అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో సూచించింది. మన ఇళ్లలోకి సీసం వచ్చే దారులు వేరు. రంగు పచ్చగా నిగనిగలాడటానికి కొన్ని చోట్ల పసుపులో లెడ్ క్రోమేట్ కలుపుతారు. నారింజ, ఎరుపు రంగు సింధూరాలలో కొన్ని సీసపు ఆక్సైడుతో చేసినవే. సుర్మాలలో, కొన్ని కాటుకలలో, కొన్ని భస్మాలలో సీసం ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ ఆరోగ్య సిబ్బంది వలస కుటుంబాల వంటగదులను పరిశీలించి, కొన్ని అల్యూమినియం (సత్తు), హిండాలియం, ఇత్తడి పాత్రల నుంచి ఆహారంలోకి సీసం దిగుతున్నదని కనుగొన్నారు. ఊరి నుంచి ప్రేమతో మోసుకొచ్చిన పాత కుక్కరులోనే పసిబిడ్డ పప్పన్నం ఉడుకుతున్న ఇళ్లు నాకు ఎన్నో తెలుసు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

చేయవలసినవి ఇవి. పిల్లవాడికి ఏడాది, రెండేళ్ల వయసులో సీసం రక్తపరీక్ష రాయమని డాక్టరును మీరే అడగండి. ప్రభుత్వ సహాయ పథకాలలో ఉన్న పిల్లలకు అది తప్పనిసరి, కంపెనీ బీమా ఉన్న మన పిల్లలకు అడగకపోతే జరగకపోవచ్చు. గర్భిణులు కూడా అడగండి. విడిగా పట్టించిన పసుపును, ఊరూపేరూ లేని పొడులను పిల్లల వంటలో వాడకండి. కుంకుమ, సింధూరం డబ్బాలను పిల్లలకు అందని చోట ఉంచండి, బొట్టు పెట్టాక చేతులు కడుక్కోండి, పసిబిడ్డ కళ్లకు, బుగ్గకు కాటుక పెట్టకండి. వంటకు స్టీలు పాత్రలు వాడండి. ఫలితం ఎక్కువగా వస్తే కౌంటీ ప్రజారోగ్య నర్సు ఫోన్ చేసి, ఇంటికి వచ్చి, వంటగదీ పూజగదీ చూపించమని అడగవచ్చు. భయపడి తలుపు వేయకండి. ఆమె పని బిడ్డకు సీసం ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టడమే, మీ వీసాతో ఆమెకు సంబంధం లేదు.

ఇక ఈ జాగ్రత్త మీ ఒక్క ఇంటితో ఆగకూడదనుకుంటే, సభా మందిరానికి వెళ్లండి. హెల్త్ అండ్ హాస్పిటల్ కమిటీలో ప్రజల వ్యాఖ్యల సమయంలో చెప్పదగిన మాటలను ఇక్కడ రాస్తున్నాను, మీకు తగినట్టు మార్చుకోండి: ‘ఇండియా నుంచి తెచ్చే వంటపాత్రలు, పసుపు, సింధూరాలను కుటుంబాలు ఉచితంగా పరీక్ష చేయించుకునే శిబిరాలను ప్రజారోగ్య శాఖ నిర్వహించాలని, సీసం హెచ్చరికలను తెలుగులో కూడా ప్రచురించాలని కోరుతున్నాను. మా పిల్లలకు సీసం అందుతున్న దారులు పాత ఇళ్ల రంగులలో కన్నా మా వంటగదులలో ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఈ అంశాన్ని రాబోయే సమావేశపు ఎజెండాలో చేర్చి, శాఖ నుంచి నివేదిక తెప్పించండి.’ ఇంగ్లీషులో ఇది నిమిషంలోపే అవుతుంది. మీ అమ్మగారు తెలుగులో చెప్పి మీరు అనువదిస్తే రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండో నిమిషాన్ని చట్టమే ఇచ్చింది.